ఇంట్లో పగడపు తోట... తొట్టి తర్వాత తొట్టి!

రీల్స్‌లో చూసే ఉంటారు. నీలిరంగు లైటు కింద మెల్లగా ఊగే పగడాలు, వాటి మధ్య దోబూచులాడే నీమో చేపలు. ‘మన హాల్లో ఇలాంటిదొకటి ఉంటే అదిరిపోదూ!’ అనిపించడం సహజం. అయితే ఈ ఉప్పునీటి అక్వేరియం హాబీకి ఒక గుణముంది. ఇది ఒక్క తొట్టితో ఆగదు. పెద్ద తొట్టి కుదురుకున్నాక పగడపు పిలకలు పెంచుకోవడానికి ఇంకోటి కావాలనిపిస్తుంది. తర్వాత నాచు పెంచడానికి మూడోది. అప్పుడు తెలుస్తుంది అసలు తలనొప్పి... మొదటి తొట్టి పెట్టినప్పుడు రెండోదాని గురించి ఎవరూ ఆలోచించలేదని!

సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. వందమంది కోసం రాసిన యాప్‌ని లక్షమందికి సాగదీయమంటే ఏమవుతుందో రోజూ చూస్తూనే ఉంటాం. కాకపోతే అక్కడ సర్వర్ పడిపోతే మళ్లీ లేపుకోవచ్చు. ఇక్కడ పడిపోయేవి ప్రాణాలు. రీస్టార్ట్ బటన్ ఉండదు. అందుకే కొనడం కంటే ముందు కాగితం మీద లెక్క వేసుకోవాలి. ఆ లెక్కేంటో చూద్దాం రండి.

మన చెరువుల్లో ఉన్నదే!

పేర్లు చూసి కంగారు పడక్కర్లేదు. తొట్టి నిండాక పైన పొంగిన నీళ్లు ఒక గీతలోంచి జారి, పైపు గుండా కింద క్యాబినెట్‌లో ఉన్న ఇంకో తొట్టిలో పడతాయి. దాన్ని సంప్ అంటారు. అక్కడ నీళ్లు శుభ్రమవుతాయి. ఒక పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. అంతే. అపార్ట్‌మెంట్ కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు ఉన్నట్టే. పొంగిన నీళ్లు జారే ఆ గీతని అలుగు అనండి, మత్తడి అనండి... పని ఒకటే.

ఇక తొట్లని కలపడం అంటారా? కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి చిన్నప్పుడు చదువుకున్నాం. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువులోకి వెళ్తాయి. వినడానికి బాగుంది కదా, ఇంట్లో కూడా ఒక తొట్టి నుంచి ఇంకో తొట్టికి, దాన్నుంచి సంపులోకి పంపేద్దాం అనిపిస్తుంది. ఇక్కడే జాగ్రత్త. గొలుసులో పై చెరువు కట్ట తెగితే ఆ దెబ్బ కింది చెరువు మీదా పడుతుంది. తొట్లూ అంతే. మధ్యలో ఒక నత్త పైపుకి అడ్డం పడిందంటే వెనకున్నవన్నీ ఆగిపోతాయి.

కాబట్టి ఇంట్లో గొలుసు కంటే చెట్టు కొమ్మల పద్ధతే నయం. ప్రతి తొట్టికీ సంపులోకి దిగే సొంత పైపు, సంపు నుంచి వచ్చే సొంత లైను, ఆ లైనుకి సొంత వాల్వు ఉండాలి. ఒకదాన్ని కడగాలన్నా, రిపేరు చేయాలన్నా ఆ ఒక్క వాల్వు కట్టేస్తే చాలు. మిగతావి వాటి మానాన అవి నడుస్తుంటాయి.

అసలు కలపడమెందుకు?

నీళ్లు ఎంత ఎక్కువుంటే అంత నిలకడ. 60 లీటర్ల తొట్టిలో ఒక చేప చచ్చి రాయి వెనక ఇరుక్కుంటే తెల్లారేసరికి అమ్మోనియా విషమవుతుంది. అదే 600 లీటర్లలో అయితే తేరుకోవడానికి మీకు టైమ్ దొరుకుతుంది. ఎండ వేడి, ఉప్పు శాతం, పీహెచ్... ఏదైనా పెద్ద నీటిలో నెమ్మదిగా మారుతుంది. పగడాలకి కావాల్సింది కచ్చితంగా అదే. పైగా హీటర్, చిల్లర్, నురగ రూపంలో మురికిని లాగేసే ప్రొటీన్ స్కిమ్మర్ అన్నీ సంపులో ఒక్కోటి ఉంటే సరిపోతుంది. తొట్టికొకటి కొనక్కర్లేదు.

మరి నష్టం? అందరిదీ ఒకే నీరు కాబట్టి ఒకరి రోగం అందరిదీ. ఒక తొట్టిలో పడిన విషం అన్నిట్లోకీ చేరుతుంది. ఉన్న ఒక్క పంపు ఆగితే అన్నీ ఆగుతాయి. అందుకే తొట్లు కలిపేవాళ్లు రెండో పంపుని డబ్బాలో రెడీగా పెట్టుకుంటారు. ఇది సోకు కాదు, అవసరం.

సంపు చిన్నదైతే హాలు చెరువే

ఇది మొత్తం ప్లాన్‌లో అతి ముఖ్యమైన లెక్క. కరెంటు పోయిందనుకోండి. పంపు ఆగుతుంది. కానీ పైనున్న నీళ్లు వెంటనే ఆగవు. అలుగు మట్టం దాకా ఉన్నవి, పైపుల్లో ఉన్నవి, తిరిగొచ్చే పైపు మూతి మునిగి ఉన్నంత లోతులోని నీళ్లు అన్నీ సంపులోకి దిగిపోతాయి. వాటికి అక్కడ ఖాళీ ఉండాలి.

ఉదాహరణకి పెద్ద తొట్టి 120 సెం.మీ. పొడవు, 60 సెం.మీ. వెడల్పు ఉందనుకుందాం. అందులో ప్రతి సెంటీమీటరు మట్టానికీ 7.2 లీటర్లు. 3 సెం.మీ. దిగితే దాదాపు 22 లీటర్లు. పైపులు, అలుగు పెట్టెలో ఉండే 10 లీటర్లు కలిపితే 32. పక్కన 90, 45 సెం.మీ. కొలతలతో పగడపు పిలకల తొట్టి పెడితే అదే లెక్కన ఇంకో 17 లీటర్లు. 60, 45 సెం.మీ. నాచు తొట్టికి ఇంకో 12. మొత్తం 61 లీటర్లు.

ఇప్పుడు సంపు 60, 40, 40 సెం.మీ. సైజుది కొన్నారనుకోండి. మామూలుగా 20 సెం.మీ. నీళ్లతో నడుస్తుంటే పైన ఉండే ఖాళీ 48 లీటర్లే. మొదటి తొట్టి దింపే 32 లీటర్లు హాయిగా పడతాయి. ఏ ఇబ్బందీ లేదు, ఏడాదిపాటు మీకు అనుమానం కూడా రాదు. రెండో తొట్టి కలిపిన రోజున లెక్క 49. ఒక్క లీటరే కదా అనుకోవద్దు, అది కారేది టైల్స్ మీద. మూడోదీ కలిపితే 13 లీటర్ల ఉప్పునీళ్లు హాల్లో. అదే 90, 45, 45 సెం.మీ. సంపు అయితే ఖాళీ దాదాపు 100 లీటర్లు. మూడు తొట్లు దింపినా ఇంకా జాగా మిగులుతుంది.

దీనికి ఎదురు లెక్క ఇంకోటుంది. కింద పంపు బాగానే తిరుగుతూ, పైన దిగే పైపు పూడుకుపోతే? అప్పుడు పైతొట్టి పొంగుతుంది. అందుకని పంపు ఉండే గదిలో నీళ్లు తక్కువ ఉండేలా సంపుని విభజించాలి. పైతొట్టి అంచు దాటేలోపే ఆ గది ఖాళీ అయి నీళ్లు ఆగిపోతాయి. పంపుకి కాస్త ఇబ్బందే గానీ ఇల్లు మునగదు. ప్రతి తొట్టికీ రెండో దిగుడు పైపు ఒకటి ఎమర్జెన్సీ కోసం ఉండటం ఇంకా మంచిది.

రేపటి పైపు ఇవాళే

తొట్టి నిండాక అద్దానికి రంధ్రం పెట్టలేం. టెంపర్డ్ గ్లాస్ అయితే ఖాళీగా ఉన్నా పెట్టలేం, పగిలిపోతుంది. కాబట్టి రంధ్రాలేవో తయారుచేయించేటప్పుడే చెప్పాలి. పంపు నుంచి పైకెళ్లే పైపుకి ఒకటే దారి కాకుండా నాలుగు దారులు తీయించండి. ఒకటి పెద్ద తొట్టికి. మిగతా మూడింటికీ వాల్వు బిగించి మూత పెట్టేయండి. సంపు మీద కూడా అదనంగా రెండు దిగుడు పైపులకి జాగా వదలండి. ఇవాళ ఖర్చు కొన్ని పీవీసీ ముక్కలే. తర్వాతైతే మొత్తం సిస్టమ్ ఆపాల్సి వస్తుంది.

ప్లంబర్‌కి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఒకటి, ఇత్తడి, రాగి సామాను ఎక్కడా వాడొద్దు. రాగి కొద్దిగా కరిగినా రొయ్యలు, నత్తలు, పగడాలకి విషం. రెండు, ప్రతి వాల్వు పక్కనా విప్పి బిగించుకునే యూనియన్ ఉండాలి. గమ్ముతో శాశ్వతంగా అతికించేస్తే తర్వాత రంపమే దిక్కు.

నేల మోస్తుందా?

120, 60, 60 సెం.మీ. తొట్టిలో సుమారు 400 లీటర్ల ఉప్పునీళ్లంటే 410 కేజీలు. 12 మి.మీ. అద్దం 85 కేజీల పైమాటే. రాళ్లు, స్టాండు, కింద సంపు కలిపితే 700 కేజీల దగ్గరికొస్తుంది. పదిమంది పెద్దవాళ్లు ఒకే చోట ఒకరినొకరు ఆనుకుని ఎప్పటికీ నిలబడి ఉన్నట్టు! మన భారతీయ ప్రమాణాల ప్రకారం ఇళ్లలో గదుల స్లాబుని చదరపు మీటరుకి 200 కేజీల వాడకం బరువుకి డిజైన్ చేస్తారు. అది గదంతా పరుచుకున్న బరువు లెక్క కాబట్టి తొట్టి పెట్టగానే స్లాబు కూలిపోతుందని కాదు. కానీ గది మధ్యలో కంటే గోడ పక్కన, కింద బీమ్ ఉన్న చోట పెట్టడం క్షేమం. రెండోది, మూడోది కూడా ఎక్కడ వస్తాయో గీసుకుని ఒకసారి స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి చూపించండి. అద్దె ఇల్లయితే ఓనర్‌కి ముందే చెప్పేయండి. కింది ఫ్లోర్ ఆంటీ సీలింగ్ మీద మరక చూసి పైకొచ్చినప్పుడు చెప్పడం కంటే అదే మర్యాద.

ఉప్పు, నీళ్లు... నెల బడ్జెట్

సముద్రంలో లీటరుకి దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. మనం వంటింటి ఉప్పు కాదు, అక్వేరియం కోసమే చేసిన రీఫ్ సాల్ట్ వాడాలి. అందులో కాల్షియం, మెగ్నీషియం లాంటివన్నీ ఉంటాయి. లీటరుకి 36 గ్రాముల లెక్కన ఒక తొట్టి, సంపు కలిపి 480 లీటర్లకి 17 కేజీలు. వారానికి 10 శాతం నీళ్లు మారిస్తే కేజీ 700 గ్రాములు. మూడు తొట్లతో 680 లీటర్లకి చేరితే వారానికి దాదాపు రెండున్నర కేజీలు, నెలకి 10 కేజీలు. మీ ఏరియాలో ఉప్పు ధరతో ఇప్పుడే గుణించి చూడండి. తొట్టి ధర ఒక్కసారిదే. ఇది మాత్రం ఈఎమ్‌ఐ, అదీ ఎప్పటికీ తీరనిది.

బోరు నీళ్లు అస్సలు పనికిరావు. ఇంట్లో తాగే ఆర్వో నీళ్లు కూడా నేరుగా వద్దు. వాటిలో టీడీఎస్ కొంత ఉంచుతారు కదా. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ గుండా పంపి మీటరు సున్నా చూపించేదాకా తేవాలి. లేకపోతే ఫాస్ఫేట్, సిలికేట్ వల్ల గోధుమరంగు నాచు పండగ చేసుకుంటుంది.

ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన మట్టాన్ని మంచినీళ్లతోనే నింపాలి. మూడు తొట్లకి రోజుకి 10 లీటర్లు ఆవిరవుతాయనుకుంటే సంక్రాంతికి ఆరు రోజులు ఊరెళ్లడానికి 60 లీటర్ల డబ్బా, దాన్ని ఆటోమేటిక్‌గా పంపే చిన్న పంపు కావాలి. సెన్సర్ ఇరుక్కుపోయి డబ్బా మొత్తం ఒక్కసారే పడినా 680 లీటర్లలో ఉప్పు 35 నుంచి 32కి తగ్గుతుంది. దెబ్బే, కానీ తట్టుకునేదే. అంతకంటే పెద్ద డబ్బా పెట్టకపోవడానికి కారణం అదే. ఆ 60 లీటర్లకీ సంపులో చోటుందో లేదో పై లెక్కలో కలిపి చూసుకోండి.

మే నెల, కరెంటు కోత

రీఫ్ తొట్టికి 25 నుంచి 27 డిగ్రీలు హాయి. వేడి పెరిగి అలాగే ఉండిపోతే పగడాలు తమలో ఉండే సూక్ష్మ నాచుని బయటికి గెంటేసి తెల్లగా పాలిపోతాయి. సముద్రంలో జరుగుతున్నదీ ఇదే. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు పాలిపోతున్నాయని 2024 ఏప్రిల్‌లో అమెరికా సంస్థ నోవా ప్రకటించింది.

నీటి మీదకి చిన్న ఫ్యాన్లు పెడితే ఆవిరి వల్ల రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. హైదరాబాద్ పొడి ఎండలో ఇది బాగానే పనిచేస్తుంది. విశాఖ, విజయవాడ ఉక్కపోతలో అంతగా ఫలితం ఉండదు, చిల్లర్ కొనాల్సిందే. కొనేటప్పుడు ఇవాళ్టి 480 లీటర్లకి కాకుండా రేపటి 680కి సరిపోయేది తీసుకోండి. అది వదిలే వేడి గాలి గదిలోకే వస్తుందన్నది మరవొద్దు.

కరెంటు పోతే ముందు అయిపోయేది ఆక్సిజన్. మూడు తొట్లలో మూడు వేవ్‌మేకర్లు కలిపి 60 వాట్లు అనుకుంటే, 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీని సగం దాకా వాడినా సుమారు 12 గంటలు లాగుతుంది. అదే బ్యాటరీ మీద ఇంట్లో ఫ్యాన్లు, వైఫై కూడా నడుస్తుంటే లెక్క తప్పుతుంది. తొట్లకి వేరే ఇన్వర్టర్ ఉండటం మేలు. ఇంకో మాట. ఉప్పునీళ్లు, కరెంటు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ లేకుండా ఒక్క ప్లగ్గు కూడా పెట్టొద్దు. వైర్లు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లాలి. అప్పుడు కారిన చుక్క నేల మీద పడుతుంది, సాకెట్‌లోకి పోదు.

అన్నీ కొనకూడదు!

ఇది చాలామందికి తెలియని విషయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పులికి ఎంత రక్షణ ఉందో రాతి పగడాలకీ అంతే. 2001లో రాతి పగడాలు, సీ ఫ్యాన్లు, సముద్ర గుర్రాలు షెడ్యూల్ 1లో చేరాయి. అండమాన్, లక్షద్వీప్ వెళ్లినప్పుడు ముక్క తెచ్చుకున్నా నేరమే, 3 నుంచి 7 ఏళ్ల జైలు. ‘లైవ్ రాక్’ పేరుతో అమ్మేది కూడా చచ్చిన పగడమే కావచ్చు. అందుకే మనుషులు తయారుచేసిన రాళ్లతో మొదలుపెట్టండి. రాతి పగడాలని పూర్తిగా పక్కన పెట్టేసి మష్రూమ్‌లు, లెదర్ కోరల్, జోవాంథిడ్ల లాంటి మెత్తటివాటి వైపు చూడండి. అవి కూడా బిల్లు, దిగుమతి కాగితాలు ఉంటేనే. అనుమానముంటే కొనకముందే అటవీశాఖని అడగండి. జోవాంథిడ్లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఉడికించడం ప్రాణం మీదికి తెస్తుంది.

చేపల్లో హ్యాచరీలో పుట్టినవి ఎంచుకోండి. క్లౌన్ ఫిష్‌ని హ్యాచరీలో పుట్టించే పద్ధతిని మన దేశంలోనే సీఎంఎఫ్ఆర్‌ఐ శాస్త్రవేత్తలు సాధించారు. వీటి కథ భలే ఉంటుంది. అన్నీ మగవిగానే ఎదుగుతాయి. జంటలో పెద్దది ఆడదవుతుంది. అది చనిపోతే మిగిలిన మగది ఆడదిగా మారుతుంది! డోరీ సినిమా చూసి బ్లూ ట్యాంగ్ తేవాలనుకుంటే మాత్రం ఆగండి. అది అడుగు పొడవు దాకా పెరిగే చేప. మన 4 అడుగుల తొట్టి దానికి లిఫ్టులో కాపురం లాంటిది.

ఒక్క తొట్టిని మాత్రం కలపొద్దు

అన్నీ కలుపుతూ పోయే ఈ ప్లాన్‌లో ఎప్పటికీ కలపకూడని తొట్టి ఒకటుంది. అదే క్వారంటైన్ తొట్టి. భీమవరం వైపు రొయ్యల రైతులు ఒక చెరువు వలని ఇంకో చెరువులో ముంచరు. ఎందుకో వాళ్లని అడిగితే చెప్తారు. ఇక్కడా అదే సూత్రం. ఉప్పునీటి చేపలకొచ్చే తెల్లమచ్చల జబ్బు ఒక పరాన్నజీవి వల్ల వస్తుంది. రొయ్యల వైట్ స్పాట్ వైరస్ వేరు, ఇది వేరు. దీని మందు రాగి. అది పగడాలున్న నీళ్లలో వేయలేం. జబ్బు కలిసిన తొట్లలోకి వచ్చిందంటే అన్నిట్లోంచీ చేపల్ని తీసేసి దాదాపు 76 రోజులు ఖాళీగా ఉంచడమే దారి. కొత్త చేప ఎంత ఆరోగ్యంగా కనిపించినా వేరే బకెట్, వేరే వల, వేరే గదిలో కనీసం నాలుగు వారాలు ఉంచాల్సిందే.

ఏది ముందు, ఏది వెనక?

తొలి వారం మంచినీళ్లతో నింపి లీకేజీ చూడండి. కావాలనే స్విచ్ ఆపి సంపులో నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో మార్కర్‌తో గీత గీయండి. తర్వాత ఉప్పునీళ్లు, రాళ్లు, బ్యాక్టీరియా. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకి రావడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మూడో నెలలో నత్తలు, ఒక క్లౌన్ జంట. నాలుగైదు నెలలకి మష్రూమ్‌లు. రీడింగులు వరుసగా మూడు నెలలు ఊగిసలాడకుండా ఉంటే అప్పుడు రెండో తొట్టి గురించి మాట్లాడుకోవచ్చు. దాన్ని కలిపే ముందు విడిగా రెండు వారాలు నడిపి, ఉప్పు, వేడి సమానమయ్యాకే వాల్వు మెల్లగా తెరవాలి. తెరిచాక మళ్లీ స్విచ్ ఆపి పాత గీత ఎంత పైకి జరిగిందో చూడాలి.

ఇంకో తొట్టికి మీరు రెడీనో కాదో తేల్చే ప్రశ్నలు మూడే. మీరు వారం ఊళ్లో లేకపోతే చూసుకునే మనిషి ఉన్నారా? నెల ఖర్చు ఒకటిన్నర రెట్లైతే ఇంట్లో గొడవ అవుతుందా? ఇప్పుడున్న తొట్టిని శుభ్రం చేయడం ఇప్పటికే వాయిదా వేస్తున్నారా? జవాబులు కుదరకపోతే మూత పెట్టిన వాల్వుని అలాగే వదిలేయండి. అది ఎన్నేళ్లు మూసి ఉన్నా నష్టమేం లేదు. ఉన్న ఒక్క తొట్టిలో క్లౌన్ జంట గుడ్లు పెట్టి కాపలా కాస్తుంటే, రాత్రి లైట్లాపి టార్చితో చూస్తూ కూర్చోవడానికి అదొక్కటీ చాలు.